కనుమ దాటిన సైకిళ్లు

1897 జూన్ 14, పొద్దున ఐదున్నర. అమెరికాలో మోంటానా కొండల నడుమ ఉన్న ఫోర్ట్ మిజూలా సైనిక స్థావరం నుంచి ఇరవై మూడు సైకిళ్లు బయల్దేరాయి. తొక్కుతున్న వాళ్లలో ఇరవై మంది 25వ పదాతి దళం సిపాయిలు. అందరూ నల్లజాతివారు. వాళ్లను నడిపించే లెఫ్టినెంట్ జేమ్స్ మాస్, వైద్యుడు జేమ్స్ కెనడీ, పందొమ్మిదేళ్ల పత్రికా విలేకరి ఎడ్వర్డ్ బూస్ తెల్లవాళ్లు. చేరాల్సిన ఊరు సెయింట్ లూయిస్. దూరం 1,900 మైళ్లు, అంటే మూడు వేల కిలోమీటర్ల పైమాటే. ఊళ్లు దాటితే బండ్లబాటలు, గులకరాళ్లు, మట్టి.

ఈ కథ ఎప్పుడు చదివినా నా చూపు సార్జెంట్ మింగో సాండర్స్ దగ్గరే ఆగిపోతుంది. వయసు 39. దళంలో అందరికన్నా పెద్ద. ఒక కన్ను సరిగా కనిపించదు. రాళ్లలో, గోతుల్లో ముందు చక్రం ఎక్కడ పడుతుందో రెండు కళ్లున్నవాడికే తెలియని దారి అది.

గుర్రానికి గడ్డి కావాలి, నీళ్లు కావాలి. సైకిల్‌కు అక్కర్లేదు, సకిలించి శత్రువుకు జాడా చెప్పదు. సిపాయిని వేగంగా తరలించడానికి అది పనికొస్తుందని మాస్ నమ్మాడు. సైన్యాధిపతి జనరల్ నెల్సన్ మైల్స్ సరేనన్నారు. అంతకు ముందు ఏడు, 1896లో, ఎనిమిది మంది సిపాయిలతో ఎల్లోస్టోన్ దాకా వెళ్లొచ్చారు. అక్కడ మినర్వా టెర్రస్ తెల్లటి రాతిమెట్ల మీద సైకిళ్లతో నిలబడి దిగిన ఫొటో ఇప్పటికీ ఉంది. ఈసారి అసలు పరీక్ష.

సైకిళ్లు స్పాల్డింగ్ కంపెనీవి. అప్పట్లో వాడుకలో ఉన్న చెక్క రిమ్ముల బదులు మాస్ అడిగి ఉక్కు రిమ్ములు వేయించాడు. హ్యాండిల్‌కు దుప్పటి, గుడారపు గుడ్డ చుట్టి కట్టారు. ఫ్రేము మధ్య ఖాళీలో తిండి పెట్టె. సామానంతా ఎక్కించాక ఒక్కో సైకిల్ బరువు సగటున 59 పౌన్లు, దాదాపు 27 కిలోలు. అది కాక తుపాకీ, యాభై తూటాలు. తిండి ఎండబెట్టిన పంది మాంసం, రొట్టె, డబ్బా చిక్కుళ్లు, కాఫీ. రెండు రోజులకు సరిపడా మోసుకెళ్లాలి. దాదాపు ప్రతి వంద మైళ్లకూ ముందే పంపిన దినుసులు ఎదురుచూస్తుంటాయి. అక్కడికి చేరకపోతే పస్తే. విరిగినవీ వంగినవీ బాగుచేసే పని జాన్ ఫిండ్లీది. షికాగోలో ఒక సైకిల్ కర్మాగారంలో చేసిన చేతులు అతనివి.

మొదటి రోజే వాన పట్టుకుంది.

మోంటానా మట్టిని అక్కడివాళ్లు గంబో అంటారు. వానాకాలం నల్లరేగడి చేలో నడిచినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అడుగడుక్కీ చెప్పు బరువెక్కుతుంది, చివరికి తెగి మట్టిలోనే ఉండిపోతుంది. ఆ మట్టి టైరుకు చుట్టుకుని ఫోర్కు సందులో బిగిసింది. చక్రం తిరగదు. పుల్లతో గీకి నాలుగు గజాలు తోస్తే మళ్లీ అదే తంతు. దారి వదిలేసి రైలు పట్టాల మీదికి ఎక్కారు. చెక్క స్లీపర్ల మీద తొక్కితే ఒక్కో దెబ్బ చేతుల్లోంచి వెన్నులోకి దిగుతుంది. అయినా బురదకన్నా అదే నయం. పట్టాలు వాళ్లను ఎన్ని చోట్ల కాపాడాయో లెక్కలేదు.

క్లార్క్ ఫోర్క్ నది పక్కనే పైకి, తర్వాత లిటిల్ బ్లాక్‌ఫుట్ లోయ, అక్కడి నుంచి ముల్లన్ కనుమ. దాదాపు 5,900 అడుగుల ఎత్తు. ఇటు కురిసిన చినుకు పసిఫిక్‌కు, అటు కురిసింది మిసోరీ నదిలో కలిసి తూర్పుకు పోతుంది. జూన్ నెలలో ఆ మెట్టు మీద వాళ్లకు మంచువాన ఎదురైంది. వేళ్లు కొంకర్లు పోతుంటే బ్రేకు పట్టాలి, తడిసిన దుప్పట్లో ఒణుకుతూ పడుకోవాలి. గ్రావెల్ బైకింగ్ అని ఈరోజు మనం మోజుగా చెప్పుకుంటున్న ఆటకు ఆ లోయలూ ఆ కొండపాదాలూ అచ్చమైన చోటు. వెడల్పు టైర్లు, గేర్లు, చేతిలో మ్యాపు చూపే ఫోను ఉన్నవాళ్లకు కూడా ఆ ఎక్కుడు తేలిక కాదు. వీళ్లకు ఒక్కటే గేరు.

కనుమ దిగాక హెలెనా, బోజ్‌మన్, ఎల్లోస్టోన్ నది ఒడ్డు. తర్వాత లిటిల్ బిగ్‌హార్న్. అప్పటికి 21 ఏళ్ల కిందట అమెరికా సైన్యాధికారి కస్టర్ దళాన్ని లకోటా, షయాన్ యోధులు తుడిచిపెట్టిన నేల అది. వ్యోమింగ్ దాటారు.

నెబ్రాస్కా ఇసుక దిబ్బల్లో ప్రాణం పోయినంత పనైంది. 170 మైళ్ల ఇసుక దాటడానికి నాలుగున్నర రోజులు. ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 43. చక్రం ఇసుకలో కూరుకుపోతుంది, తొక్కలేరు, తోసుకుంటూ నడవాలి. దొరికిన నీళ్లు చవుడు నీళ్లు. తాగితే కడుపులో తిప్పేది, తాగకపోతే నాలుక పిడచకట్టుకుపోయేది. మాస్ జబ్బుపడి వెనకబడ్డాడు. దళం ఆగలేదు.

జూలై 24న సెయింట్ లూయిస్ చేరారు. 41 రోజులు. అందులో సైకిల్ కదిలినవి 34. చూడటానికి జనం వేలల్లో తరలివచ్చారు, స్థానిక సైకిల్ సంఘాలవాళ్లు ఎదురెళ్లి ఫారెస్ట్ పార్క్ దాకా తోడొచ్చారు. సిపాయిలు తిరుగు ప్రయాణం రైల్లో చేశారు.

మాస్ నివేదికలో గంటకు సగటున 6.3 మైళ్ల వేగం ఉంది. పంక్చర్ల లెక్క ఉంది, టైర్ల మన్నిక ఉంది. సైన్యానికి కావలసింది సైకిల్ గురించి. దాన్ని బురదలోంచి భుజాన ఎత్తుకున్నవాళ్ల గురించి ఎవరూ అంతగా అడగలేదు. ఈ కథలో నన్ను బాధపెట్టేది అదే.

మరుసటి ఏడు స్పెయిన్‌తో యుద్ధం. 25వ దళాన్ని క్యూబాకు పంపారు. సైకిల్ దళం అక్కడితో ముగిసింది. సాండర్స్ ఎల్ కానే దగ్గర పోరాడారు. ఆకలితో ఉన్న థియోడర్ రూజ్‌వెల్ట్ మనుషులకు తమ దళం తిండి పంచిపెట్టిందని తర్వాత ఆయన చెప్పారు.

1906 ఆగస్టులో టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో రాత్రిపూట కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు. ఊరివాళ్లు నింద అక్కడున్న 25వ దళం నల్లజాతి సిపాయిల మీద వేశారు. విచారణ లేదు, న్యాయస్థానం లేదు. అప్పటికి అధ్యక్షుడైన అదే రూజ్‌వెల్ట్ 167 మందిని గౌరవం లేకుండా సైన్యం నుంచి పంపేశారు. అందులో సాండర్స్ ఒకరు. పాతికేళ్లకు పైబడిన కొలువు. పింఛనుకు దగ్గరపడిన మనిషి. చేతికి ఏమీ రాలేదు. ఉద్యోగం తిరిగి ఇమ్మని అడిగారు, ఇవ్వలేదు.

1929లో ఆయన కన్నుమూశారు.

1974లో మోంటానా విశ్వవిద్యాలయం నుంచి నల్లజాతి విద్యార్థులు, అధ్యాపకుల బృందం ఒకటి అదే దారిలో సెయింట్ లూయిస్‌కు సైకిళ్లు తొక్కింది. 2022లో ఎరిక్ సెడేనో అనే యాత్రికుడు, 125 ఏళ్లయిన గుర్తుగా, మళ్లీ ఆ జాడలోనే వెళ్లాడు. ఈ రెండు యాత్రలూ మొదలయ్యే నాటికే సైన్యం తన తప్పు ఒప్పుకుంది. 1972లో ఆ 167 మంది కాగితాలు తీసి, అందరికీ గౌరవప్రదమైన విడుదల అని దిద్దింది. మింగో సాండర్స్ పోయి అప్పటికి 43 ఏళ్లు.