పాలిఫీమస్ శలభం – ఒక పట్టు కథ

పట్టు అనగానే మల్బరీ ఆకు తినే పురుగే మనకు స్ఫురిస్తుంది. మద్దిచెట్ల మీద పెరిగే దసలి పురుగు కూడా పట్టునిస్తుందని మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ దసలి పురుగుకు ఉత్తర అమెరికా అడవులలో ఒక దాయాది ఉన్నది. అదే పాలిఫీమస్ శలభం. రెండూ ఆంథెరియా అనే ఒకే ప్రజాతికి చెందినవి.

దీని వెనుక రెక్కలపై పెద్ద కన్నుల వంటి మచ్చలుంటాయి. అందుచేతనే గ్రీకు పురాణాలలోని ఒంటికంటి రాక్షసుని పేరును 1776లో క్రామర్ దీనికి పెట్టాడు. రెక్కలు చాచితే సుమారు ఆరంగుళాలు. గొంగళి దశలో ఓక్, మేపుల్, బర్చ్ ఆకులను విపరీతంగా తింటుంది. రెక్కలు వచ్చాక మాత్రం ఆహారమే ముట్టదు. వారం రోజులపాటు జీవించి, గుడ్లు పెట్టి కన్నుమూస్తుంది.

ఫ్రాన్సు నుండి వలస వచ్చిన ఎటియెన్ లియోపోల్డ్ ట్రూవెలో బోస్టన్ సమీపంలోని మెడ్‌ఫర్డ్‌లో ఈ శలభాన్ని పట్టుకోసం పెంచాడు. 1865 నాటికి ఐదెకరాల తోటలో పది లక్షల గొంగళ్ళుండేవట! అంతటితో తృప్తిపడక ఆయన ఐరోపా నుండి మరొక జాతి శలభం గుడ్లను తెప్పించాడు. 1869 ప్రాంతంలో వాటి పిల్లలు కొన్ని తప్పించుకుని పోయాయి. ఆయన ఈ సంగతిని తోటి శాస్త్రజ్ఞులకు తెలిపినా ఫలితం లేకపోయింది. అటుపై ఆయన ఖగోళశాస్త్రం వైపు మళ్ళి, 1882లో స్వదేశానికి వెళ్ళిపోయాడు.

1889 నాటికి ఆ పురుగులు మెడ్‌ఫర్డ్ చెట్లనూ ఇండ్ల గోడలనూ కప్పివేశాయి. వాటిని అణచడానికి 1906లో ఐరోపా నుండి కాంప్సిల్యూరా అనే ఈగను తెచ్చి వదిలారు. గొంగళి శరీరంలోనే తన పిల్లలను పెట్టే ఈ ఈగకు స్వపర భేదం లేదు. పాలిఫీమస్ వంటి స్థానిక పట్టు శలభాలకూ అది మృత్యువైంది. 2000లో వెలువడిన ఒక పరిశోధనలో, మసాచుసెట్స్ అడవిలో ఉంచిన సెక్రోపియా గొంగళ్ళ తొలి దశల మరణాలలో 81 శాతం ఈ ఈగ వల్లనేనని తేలింది. సెక్రోపియా కూడా పాలిఫీమస్ కుటుంబానిదే.

ఎలుకలున్నాయని ఇల్లు తగులబెట్టుకున్నట్లు! పరదేశపు పురుగును చంపడానికి తెచ్చిన మందు ఇంటి బిడ్డలను కబళించింది. తెచ్చిన పురుగు మాత్రం నేటికీ అక్కడి అడవులను తింటూనే ఉన్నది. ట్రూవెలో కోరిన పట్టు ఆ నేల మీదనే పుట్టిన శలభంలో ఉన్నది. ఆయన దానితో సరిపెట్టుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.