ఎల్‌కేజీలో ‘జీ’

‘మావాడు ఎల్‌కేజీ’ అంటాం. ఆ మూడక్షరాల్లో చివరిది దేనికి గుర్తో ఎవరం పట్టించుకోం. అది గార్టెన్, అంటే తోట. కిండర్‌గార్టెన్ అనే జర్మన్ మాటకి ‘పిల్లల తోట’ అని అర్థం. పిల్లల్ని మొక్కలతో పోల్చి ముద్దుగా పెట్టిన పేరనుకుంటారు చాలామంది. పోలిక ఉన్నమాట నిజమే. కానీ ఆ బడి పుట్టినప్పుడు అందులో నిజంగానే తోట ఉండేది, పిల్లల గోళ్ళలో మట్టి ఉండేది. చిన్నపిల్లలకి పర్యావరణం గురించి చెప్పడం ఈమధ్యే కనిపెట్టిన విషయంలా మాట్లాడుతున్నాం కాబట్టి ఈ పాతకథ చెప్పుకోవాలనిపించింది.

ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ 1782లో జర్మనీలో, తురింగియా అడవుల ప్రాంతంలో పుట్టాడు. ఏడాది నిండకముందే తల్లి పోయింది. పదిహేనో ఏట ఒక ఫారెస్టరు దగ్గర పని నేర్చుకోడానికి చేరాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు బెర్లిన్‌లో స్ఫటికాల మధ్య, ఖనిజాల మ్యూజియంలో గడిపాడు. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో పసిపిల్లల కోసం ఒక సంస్థ మొదలుపెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరుపెట్టాడు.

ఆయన తోట ఏర్పాటు గురించి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. మధ్యలో ఒక్కొక్క పిల్లకీ ఒక్కొక్క చిన్న మడి. అందులో ఏం నాటాలో, ఎలా పెంచాలో ఆ పిల్ల ఇష్టం. వాటి చుట్టూ అందరిదీ అయిన ఉమ్మడి తోట; పూలూ కూరగాయలూ అక్కడ అందరూ కలిసి పెంచాలి. అంటే ‘నాది’ అన్నది ‘మనది’ అన్నదాని ఒళ్ళో ఉంటుంది. చోటు చాలకపోతే ఇద్దరికి ఒక మడి ఇమ్మన్నాడు. ఇప్పుడు మనం ‘సుస్థిరత’ అని బరువైన పేరుతో పిలుస్తున్నదాన్ని ఆయన ఉపన్యాసంలో పెట్టలేదు, నేల మీద గీసిపెట్టాడు.

1851లో ప్రష్యా ప్రభుత్వం ఈ బడుల్ని నిషేధించింది. నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నారని అభియోగం. ఫ్రోబెల్ అన్నకొడుకు కార్ల్ రాతల్ని ఈయనవిగా పొరబడటం కూడా అందుకు ఒక కారణమంటారు. మరుసటేడే ఫ్రోబెల్ చనిపోయాడు. నిషేధం 1860లో గానీ పోలేదు. ఈలోగా ఆయన భావాల్ని నమ్మినవాళ్ళు వాటిని దేశదేశాలకీ తీసుకెళ్ళారు. అయితే ఫ్రోబెల్ పద్ధతిలో తోటతోపాటు బంతులూ చెక్కదిమ్మెలూ ఉన్న ఆటవస్తువుల పెట్టెలు కూడా ఉండేవి. అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ వాటిని తయారుచేసి అమ్మాడు. పెట్టె ఓడెక్కుతుంది, రైలెక్కుతుంది. తోట ఎక్కదు. చాలాచోట్లకి పెట్టె చేరింది, పేరు చేరింది, తోట వెనకే ఉండిపోయింది.

మన దేశంలో ఆ తోటని తనదైన దారిలో వెతుక్కున్న మనిషి తారాబాయి మోడక్. భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లో స్థాపించిన బాలమందిర్‌లో పనిచేసి, 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లెపిల్లల కోసం కేంద్రం తెరిచారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. తర్వాత పని కోస్‌బాడ్ కొండమీద, వార్లీ గిరిజనుల మధ్యకి మారింది. ఖరీదైన బోధన పరికరాలు కొనే స్తోమత లేదు. గింజలు, ఆకులు, గవ్వలు, గులకరాళ్ళే లెక్కలకీ రంగులకీ పరికరాలయ్యాయి. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ వాకిట్లోకి వెళ్ళింది. పశువులు కాసే పిల్లల కోసం పచ్చికబయలుకీ వెళ్ళింది. ‘అంగన్‌వాడీ’ అన్న మాట ఈ పనిలోంచే వచ్చింది. అంగన్ అంటే మన అంగణమే, వాకిలి. మరాఠీలో వాడీకి తోట అన్న అర్థం కూడా ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకంతో ఆ మాట దేశమంతా పాకింది. ఎల్‌కేజీలో లాగే అంగన్‌వాడీలోనూ తోట దాక్కునే ఉంది!

తర్వాత చట్టం వచ్చింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరి చెయ్యమంది. మంచిదే. కానీ తప్పనిసరి అయిన ప్రతిదీ పాఠమవుతుంది, పాఠమైనది పరీక్షవుతుంది. ధరిత్రీ దినానికి ఒక బళ్ళో యూకేజీ పిల్లలు ‘భూమిని కాపాడండి’ అని అట్టలు పట్టుకు నిలబడటం చూశాను. వాళ్ళ వెనక ఉన్న భూగోళం థర్మాకోల్‌ది. కిందంతా సిమెంటు.

అమెరికన్ విద్యావేత్త డేవిడ్ సోబెల్ 1996లో ఒక హెచ్చరిక చేశాడు: ప్రకృతితో స్నేహం కుదరకముందే దాని చావు కబుర్లు చెబితే పిల్లలు భయపడి దూరమవుతారని. నాకిది నిజమనిపిస్తుంది. కరిగే మంచుకొండ నాలుగేళ్ళ పిల్ల చెయ్యగలిగిన పని కాదు. కుండీలో వాడిన మెంతిమొక్క అవుతుంది. మొలిచిందో లేదోనని రోజూ గింజ తవ్వి చూసేవాడికి అది ఎందుకు చచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వయసుకి మొయ్యగలిగినంత నష్టం అది, దిద్దుకోగలిగినంత కూడా. ఇంకో గింజ వేస్తాడు.

అపార్టుమెంటు బళ్ళలో తోట ఎక్కడిదంటారా? ఇద్దరికి ఒక మడి చాలన్నాడు కదా ఆ పెద్దాయన. నలుగురికి ఒక కుండీ అయినా ఫర్వాలేదు. ఆ నలుగుర్లో ఆదివారం నీళ్ళెవరు పోస్తారన్నది తేల్చుకోవడమే అసలు పాఠం.