పెద్దల సభ బిల్లు - ఒకసారి మురిగింది, ఒకసారి గట్టెక్కింది

మన సంఘం సభ్యులలో పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటు వేసినవారు చాలామంది ఉన్నారు. 1985 నుంచి 2007 వరకు రాష్ట్రంలో ఆ ఓటు ఎవరికీ లేదు. డిగ్రీ పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో చేరిన ఒక తరం ఆ ఓటు ముఖం చూడకుండానే నడివయసుకు వచ్చింది. కారణం రాజకీయాలే అంటారు. కాదనను. కాని బిల్లు ఏ సభలో, ఏ దశలో ఆగిందన్నది కూడా చిన్న కారణం కాదు. ఆ సంగతి తారీఖులతో సహా ఒకచోట ఉంటే బాగుంటుందని రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్‌లో శాసన పరిషత్తు 1958 జూలై 1న ఏర్పడింది. 1983లో ఎన్.టి. రామారావుగారు అధికారానికి వచ్చేనాటికి అందులో కాంగ్రెసుదే బలం. ఆ సభను తీసివేయాలని అసెంబ్లీ 1983 మార్చి 24న తీర్మానం చేసింది. అయితే 169వ అధికరణం ప్రకారం అసెంబ్లీ అడగవచ్చునే గాని, చట్టం చేయవలసింది పార్లమెంటు. ఢిల్లీ కదలలేదు. 1985 ఎన్నికలలో మళ్ళీ గెలిచాక ఏప్రిల్ 30న రెండో తీర్మానం పంపారు. ఈసారి పార్లమెంటు ఒప్పుకుంది. జూన్ 1 నుంచి పరిషత్తు లేదు.

తర్వాతి ఘట్టంలో మన ప్రాంతం పేరు వస్తుంది. 1952లో వికారాబాద్ నుంచి, 1962, 1967లలో తాండూరు నుంచి గెలిచిన డాక్టర్ మర్రి చెన్నారెడ్డిగారు 1989 డిసెంబరులో మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. రెండు నెలలైనా కాకముందే, 1990 జనవరి 22న, పరిషత్తును తిరిగి తేవాలని అసెంబ్లీ చేత తీర్మానం చేయించారు. మే 28న రాజ్యసభ బిల్లును ఆమోదించింది. ఇంత వేగంగా నడిచిన కాగితం ఇక ఆగదనే ఎవరైనా అనుకుంటారు. అక్కడి నుంచి అది లోక్‌సభకు వెళ్ళి కూర్చుంది.

ఆఫీసులో పనిచేసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ఏడాది మారితే తేలని కరెంటును కొత్త పర్సనల్ రిజిస్టరులోకి ఎక్కించుకునేవాళ్ళం. ఏడాది మారిందని కాగితం చావదు. సభా సమావేశాలు ముగిసి ప్రొరోగ్ అయితే బిల్లుకూ అంతే, మరుసటి సమావేశంలో అక్కడి నుంచే నడుస్తుంది. సభే రద్దయితే లెక్క వేరు. 107వ అధికరణం ప్రకారం లోక్‌సభ రద్దయినప్పుడు అక్కడ పెండింగులో ఉన్న బిల్లు మురిగిపోతుంది, రాజ్యసభ ఆమోదించి పంపినదైనా సరే. ఇందులో ఒక తమాషా ఉంది. లోక్‌సభ ఆమోదించని బిల్లు రాజ్యసభలోనే పెండింగులో ఉంటే, లోక్‌సభ రద్దయినా అది బ్రతికే ఉంటుంది. ఒక గడప దాటినందుకే మన బిల్లుకు గండం వచ్చింది! 1991 మార్చిలో తొమ్మిదో లోక్‌సభ రద్దయింది. బిల్లు పోయింది.

ఆ తర్వాత వచ్చిన లోక్‌సభలు ఏవీ దాని జోలికి పోలేదు. 1994 నుంచి రాష్ట్రంలో ఉన్నది పరిషత్తు వద్దన్న పార్టీయే గనుక ఇక్కడి నుంచి అడిగినవారూ లేరు.

2004లో ప్రభుత్వం మారింది. పాత తీర్మానాన్ని వెదకకుండా జూలై 8న అసెంబ్లీ కొత్తది చేసింది. డిసెంబరు 16న లోక్‌సభలో బిల్లు పెట్టారు. అది ఆమోదం పొందినది 2006 డిసెంబరు 15న, అంటే సరిగ్గా రెండేళ్ళకు. మధ్యలో ఎన్ని సమావేశాలు వచ్చినా, ఎన్ని ముగిసినా బిల్లు చెక్కుచెదరలేదు, ఎందుకంటే సభ అదే సభ. డిసెంబరు 20న రాజ్యసభ, 2007 జనవరి 10న రాష్ట్రపతి ఆమోదం. మార్చి 30న శాసనమండలి తిరిగి ఏర్పడింది. 1990 బిల్లుకు లోక్‌సభలో పది నెలలు కూడా దక్కలేదు. 2004 బిల్లుకు రెండేళ్ళు దక్కాయి. నా దృష్టిలో రెంటికీ ఉన్న ప్రధానమైన తేడా ఇదే.

2007లో మన మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ పట్టభద్రుల స్థానం నుంచి ప్రొఫెసర్ కె. నాగేశ్వర్‌గారు స్వతంత్రులుగా గెలిచారు. 2009లోనూ ఆయనే. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ మండలికి 40 స్థానాలు వచ్చాయి. అవతలి రాష్ట్రంలో మాత్రం 2020 జనవరి 27న మండలిని రద్దు చేయాలని మళ్ళీ తీర్మానించి, 2021 నవంబరు 23న దాన్ని వెనక్కు తీసుకున్నారు.

2021 మార్చి 14న మన స్థానానికి పోలింగు జరిగినప్పుడు 93 మంది పోటీలో ఉన్నారు. బ్యాలెట్ కాగితం దినపత్రికంత అయింది. కళ్ళజోడు మరచి వెళ్ళిన మన వయసువారి తిప్పలు చెప్పనక్కరలేదు. సభ్యులకు ఇంకొక మాట. అసెంబ్లీ ఓటర్ల జాబితాలా ఈ జాబితా కొనసాగదు, ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు. పోయినసారి ఓటు వేసినవారు కూడా ఫారం 18 మళ్ళీ నింపి, డిగ్రీ సర్టిఫికెట్ నకలు జతచేసి ఇవ్వవలసిందే.