కిలోమీటర్ల దావా

ఉర్దూలో దావా అంటే ‘నేను చెబుతున్నాను, ఇది నిజం’ అని గట్టిగా చెప్పుకోవడం. అదే లఫ్జ్ తెలుగులోకి వచ్చేసరికి కోర్టు మెట్లెక్కింది. తెలుగువాడు దావా వేశాడంటే వకీలును పెట్టుకున్నాడనే అర్థం. బడిలో ఉర్దూ మీడియం, కాలేజీలో తెలుగు చదివినవాణ్ని కాబట్టి ఈ రెండు అర్థాల మధ్య నాకు పెద్ద ఫాస్లా కనిపించదు. ఒకడు దావా చేస్తాడు, వాణ్ని నమ్మి డబ్బు పెట్టినవాడు దావా వేస్తాడు. ఒక్క చార్జింగుతో మా ఎలక్ట్రిక్ కారు ఇన్ని కిలోమీటర్లు పోతుందని కంపెనీలు చెప్పే సంఖ్యకు కూడా ఒక తారీఖ్ ఉంది. తారీఖ్ అంటే ఇక్కడ తేదీ కాదు, చరిత్ర. అదంతా ఈ రెండు దావాల నడుమే సాగింది.

ఎలక్ట్రిక్ కారు నిన్నమొన్నటి బండి కాదు. అమెరికాలో డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే పేరుతో 1907 నుంచే ఈ కార్లు అమ్మారు. ఒకసారి చార్జి చేస్తే 80 మైళ్లు, అంటే సుమారు 130 కిలోమీటర్లు పోతుందని వాళ్ల ఇష్తెహార్. ఒక ఇమ్తిహాన్‌లో అయితే ఆ బండి 211 మైళ్లు పోయింది. అయినా బాజారులో కొనేవాడికి చెప్పింది మాత్రం 80 మైళ్లే. రికార్డు వేరు, వాదా వేరు అన్న తమీజ్ ఆనాటి ప్రకటనలో ఉంది. పైగా ఆ బండి రఫ్తార్ గంటకు 20 మైళ్ల దగ్గరే ఉండేది.

రఫ్తార్ సంగతి ఎందుకంటే, అసలు పేచీ అంతా అక్కడే ఉంది. బండిని ఎదురు తోసే హవా జోరు వేగంతో పాటు వేగపు వర్గంలో పెరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల దగ్గర ఉన్న తోపు 100 దగ్గర నాలుగింతలవుతుంది. పెట్రోలు ఇంజనుకు ఊళ్లో ఆగి ఆగి పోవడమే నష్టం. ఎలక్ట్రిక్ మోటారుకు అదే లాభం. సిగ్నల్ దగ్గర ఆగినా కరెంటు పెద్దగా కాలదు, బ్రేకు వేస్తే కొంత తిరిగి బ్యాటరీకి చేరుతుంది. కాబట్టి నెమ్మదిగా నడిపించే పరీక్ష పెడితే ఎలక్ట్రిక్ కారు ఫస్ట్ క్లాసులో పాసవుతుంది. హైవే మీదికి తీసుకెళ్తే అదే కారు నీరసిస్తుంది.

మరి పరీక్షను నెమ్మదిగా ఎవరు పెట్టారు? ఏ కంపెనీ సాజిష్ కాదిది. 1970లో యూరప్‌లో నగరాల పొగను కొలవడానికి ఒక డ్రైవింగ్ పద్ధతిని ఖరారు చేశారు. ప్రయోగశాలలో రోలర్ల మీద కారును నిలిపి, ఇన్ని సెకన్లు ఈ వేగం, ఇన్ని సెకన్లు ఆగడం అని నడిపించి పొగను పట్టడమే దాని పని. 1990 ప్రాంతంలో దానికి ఊరి బయట నడక కూడా జోడించారు. అదే ఎన్ఈడీసీ. మొత్తం 1180 సెకన్లు, 11 కిలోమీటర్లు, సగటు వేగం గంటకు 34 కిలోమీటర్ల లోపే. 120 వేగం కొన్ని సెకన్లు మాత్రమే. ఏసీ బంద్. పొగ కొలవడానికి కోసిన ఆ గజ్‌నే తర్వాత పొగే లేని కారు పోయే దూరం కొలవడానికి వాడారు.

ఫలితం 2010 చివర్లో వచ్చిన నిస్సాన్ లీఫ్‌తో జగమెరిగిన సంగతైంది. అదే కారు, అదే 24 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. జపాన్ పరీక్షలో 200 కిలోమీటర్లు పోయింది. యూరప్‌లో 175. అమెరికాలో 117. సముద్రం దాటినప్పుడల్లా కారు అలిసిపోయిందా? లేదు, గజ్ మారింది. మన పాత దారుల్లో కోసు కూడా ఇలాగే ఊరూరికీ మారేది. అందుకే అక్బర్ హుకూమత్‌లో ఇలాహీ గజ్ అని ఒక కొలత పెట్టి, 5000 గజాలు ఒక కోసు అని తేల్చారు. ముసాఫిర్‌కు అబద్ధం చెప్పకూడదంటే ముందు గజ్ ఒకటి కావాలని ఆనాడే తెలుసు.

అమెరికా సంఖ్య చిన్నదిగా ఎందుకు ఉందంటే, వాళ్లకు ముందే దెబ్బ తగిలింది. 1970ల నుంచే అక్కడ కార్ల మీద మైలేజీ లేబుల్ అంటించేవారు. రోడ్డు మీద అంత రావడం లేదని జనం మొత్తుకుంటే, 1980ల్లో ప్రయోగశాల సంఖ్యలో ఊరి లెక్కకు 10 శాతం, హైవే లెక్కకు 22 శాతం కోత పెట్టారు. 2008 మోడళ్ల నుంచి వేగం, ఏసీ, చలి కూడా పరీక్షలోకి వచ్చాయి. ఎలక్ట్రిక్ కార్లకు మామూలుగా ప్రయోగశాల సంఖ్యలో 70 శాతాన్నే లేబుల్ మీద రాస్తారు.

అయినా దావా ఆగలేదు, ఈసారి తెలుగు అర్థంలో. అరిజోనాలోని ఫీనిక్స్ గర్మీకి లీఫ్ బ్యాటరీలు త్వరగా బలహీనపడ్డాయని ఖరీద్దార్లు గొడవ చేశారు. 2012లో వాళ్ల తరఫున కోర్టులో కేసు పడింది. చివరికి కంపెనీ అయిదేళ్లు లేదా 60,000 మైళ్ల లోపు బ్యాటరీ సత్తా సుమారు 70 శాతం కంటే పడిపోతే బాగు చేస్తామనో, మారుస్తామనో హామీ రాసిచ్చింది. రామగుండంలో, కొత్తగూడెంలో ఎండాకాలం గడిపినవాళ్లకు ఫీనిక్స్ పరాయి ఊరేమీ కాదు.

యూరప్ 2017 నుంచి పాత గజ్‌ను వదిలి డబ్ల్యూఎల్‌టీపీకి మారింది. అరగంట పరీక్ష, 23 కిలోమీటర్లు, 131 దాకా వేగం. చలి ఇంకో మాట. దక్షిణ కొరియాలో 2023 జనవరిలో వ్యాపారాల మీద నిఘా పెట్టే సర్కారీ సంస్థ టెస్లాకు 285 కోట్ల వాన్ జుర్మానా వేసింది. చలికాలంలో దూరం ప్రకటించినదాంట్లో సగానికి పడిపోవచ్చన్న సంగతిని కొనేవాళ్లకు సరిగా చెప్పలేదన్నది నేరం.

ఇక మన ముల్క్‌కు వద్దాం. మన పరీక్ష పేరు ఎంఐడీసీ. పాత యూరప్ గజ్‌నే తీసుకుని, మన రోడ్ల కోసమని పై వేగాన్ని 90కి దించారు. దాని మొదటి భాగంలో వేగం 50 దాటదు, సగటు 19 మాత్రమే. 2021 మార్చిలో ఢిల్లీ సర్కారు టాటా నెక్సాన్ ఈవీని సబ్సిడీ జాబితా నుంచి తాత్కాలికంగా తీసేసింది. ప్రకటించింది 312 కిలోమీటర్లు, నాకు 200 కూడా దాటడం లేదని ఒక ఖరీద్దార్ ఫిర్యాదు చేశాడు. మా సంఖ్య ఏఆర్ఏఐ ధృవీకరించిందే, నడిపే తీరును బట్టి దూరం మారుతుందని కంపెనీ జవాబు. ఢిల్లీ హైకోర్టు సర్కారు ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. ఇన్సాఫ్‌గా చూస్తే ఇద్దరూ అబద్ధమాడలేదు. కంపెనీ ప్రయోగశాల సంఖ్య చెప్పింది, కొన్నవాడు రోడ్డు సంఖ్య చెప్పాడు. కానీ ఇష్తెహార్‌లో పెద్దక్షరాల్లో కనిపించింది ఒకటే సంఖ్య.

ఆ తర్వాత పరీక్షలోని రెండు భాగాలూ కలిపి లెక్క చెప్పాలన్న నియమం వచ్చింది. దాని తేడా 2024 ఆగస్టులో వచ్చిన కర్వ్ ఈవీ పెద్ద బ్యాటరీ కారులో చూడండి. పాత లెక్కలో 585, రెండు భాగాలూ కలిపితే 502. నూటికి 75 మంది ఖరీద్దార్లకు నిజంగా రావచ్చని అదే కంపెనీ చెప్పిన దూరం 400 నుంచి 425. ఒకే కారుకు మూడు సంఖ్యలు, మూడూ కంపెనీ నోటివే. మూడోదాన్ని తానే బయటపెట్టడం మెచ్చుకోవాల్సిన పనే.

దీని వల్ల ఎవరికి నష్టమంటారా? ఇంట్లో రెండో కారుగా పెట్టుకున్నవాడికి వంద కిలోమీటర్లు తగ్గితే చాయ్ దగ్గర చెప్పుకునే కబురు. మా మొహల్లాలో ఒక భాయ్ ఉన్నాడు. కిస్తుల మీద ఎలక్ట్రిక్ కారు కొని శంషాబాద్ ఎయిర్‌పోర్టు కిరాయిలు తోలుతాడు. వరంగల్ బేరం వస్తే షోరూములో చెప్పిన లెక్క ప్రకారం పోయి రావచ్చు. మే నెల మధ్యాహ్నం, ఏసీ నిండుగా, నలుగురు సవారీలు, వంద రఫ్తార్. వచ్చేటప్పుడు జనగామలో ఆగాల్సిందే. “చార్జింగ్ పైసలు పెద్ద లెక్క కాదు భాయ్, నేను క్యూలో కూర్చున్న గంటన్నరకు రాత్రి కిరాయి పోయింది. బ్యాంకోడు ఆ గంటన్నర మాఫ్ చేస్తాడా?” అన్నాడు. ఆ తేడా కిలోమీటర్లలో కాదు, అతని రోటీలో పడింది.

నూరేళ్ల పైబడిన ఈ తారీఖ్‌లో నాకు కనిపించే సబక్ ఒకటే. సంఖ్య నిజానికి దగ్గరగా జరిగిన ప్రతిసారీ బయటినుంచి ఎవరో అడిగారు. అమెరికాలో మైలేజీ రాలేదన్న జనం, ఫీనిక్స్‌లో ఎండకు మాడినవాళ్లు, ఢిల్లీలో ఫిర్యాదు రాసిన ఖరీద్దార్. అడగనిచోట సంఖ్య అలాగే ఉండిపోయింది.

కాబట్టి షోరూముకు వెళ్తే మీరూ అడగండి. ఈ దూరం ఎంఐడీసీ ఒక భాగానిదా, రెండు భాగాలదా? ఏసీ వేసి వంద వేగంతో విజయవాడ దారిలో పోతే ఎంత వస్తుంది? బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, సత్తా ఎంత శాతానికి పడితే మారుస్తారు? జవాబును నోటిమాటగా తీసుకోకండి. ఆర్డర్ కాగితం మీద రాయించి, ముద్ర వేయించి, నఖలు ఇంట్లో దాచుకోండి.