ఇరుసుకి ఆరంగుళాల ముందు

"గట్టిగా చదువు బావా," అంటున్నాను.

బావ తన పికప్ డ్రైవరు తలుపు బార్లా తీసి, కంకరలో గొంతుక్కూర్చున్నాడు. తలుపు మూస్తే కనిపించని ఇనప నిలువు మీద ఒక స్టిక్కరు ఉంది. దాని మీది దుమ్ము బొటనవేలితో తుడిచి చదువుతున్నాడు.

"మనుషుల బరువూ సామాను బరువూ కలిపి 2,400 పౌండ్లు ఎప్పుడూ మించకూడదు. ఇంతేనా? బండి అమ్మినాయన 18,000 పౌండ్లు లాగుతుందన్నాడే!"

"అది వెనక తగిలించి లాగే లెక్క. మనం లాగబోవట్లేదు, ఎత్తుకోబోతున్నాం. దాని పక్కన ఇంకో స్టిక్కరుంది, అదీ చదువు."

"మొత్తం బరువు 10,000. ముందు ఇరుసుకి 5,200. వెనక ఇరుసుకి 6,200."

ఈ నాలుగు అంకెల్నీ నోట్‌బుక్కులో పెద్దగా రాసుకున్నాను. క్యాంపర్ కొనాలని బయల్దేరేవాళ్లు ఇంజను గుర్రబ్బలం చెబుతారు, టార్క్ చెబుతారు, లోపలి తోలు సీట్ల గురించి చెబుతారు. ఈ స్టిక్కరు చదివి వచ్చేవాళ్లు తక్కువ. నా మాట వింటే, సీట్లో కూర్చునేముందే తలుపు దగ్గర కూర్చోవాలి. ఒకే మోడల్, ఒకే రంగు బళ్లు రెండు పక్కపక్కన నిలబడ్డా వాటి మీది అంకెలు వేరుగా ఉండొచ్చు. పైకప్పు అద్దం, మడత మెట్లు, డీజిల్ ఇంజను, ఇలా ఫ్యాక్టరీలో ఎక్కించిన ప్రతిదీ ఈ 2,400లోంచి ముందే తన వాటా తీసేసుకుంటుంది. బావది ముప్పావు టన్ను డీజిల్. ముప్పావు టన్ను బళ్లలో చాలావాటికి మొత్తం పరిమితి 10,000 పౌండ్ల దగ్గరే, అంటే 4,536 కిలోల దగ్గరే, ఆగిపోతుంది. డీజిల్ ఇంజను పెట్రోలుదాని కన్నా వందల పౌండ్లు బరువు. కొండ ఎక్కడానికి వచ్చే ఆ బలం మోసే శక్తిలోంచే కోసుకుని వస్తుంది.

పొద్దున్న ఏడవుతోంది. కొలరాడోలో, డెన్వర్‌కి పడమరగా గోల్డెన్ అనే ఊరి అంచున, వాడిన క్యాంపర్లు అమ్మే యార్డులో ఉన్నాం. ఎండ వెనకనించి వచ్చి ఎదురుగా కొండల్ని ఎర్రగా చేస్తోంది. కంకర నేల మీద నాలుగేసి జాకీల కాళ్ల మీద ఇళ్లు నిలబడి ఉన్నాయి. వీటికి చక్రాలుండవు. పికప్ వెనక్కి వచ్చి వీటి కిందకి దూరితే, జాకీలు దించి, బండి బెడ్ మీద కూర్చోబెడతారు. ముందుభాగం ముక్కులా సాగి క్యాబిన్ కప్పు మీదకి వస్తుంది. పడక అందులోనే.

"ఒరేయ్, ఇందులో బాత్రూం కూడా ఉందిరా!" అక్క గొంతు. మేం స్టిక్కర్లు చదివేలోపే పెద్ద క్యాంపర్ ఎక్కేసింది. మేనకోడలు పై పడక మీదకి పాకి, చిన్న కిటికీలోంచి చెయ్యూపుతోంది. గట్టి గోడల ఇల్లది. పొయ్యి, ఫ్రిజ్, హీటరు, షవరు, నలుగురు కూర్చుని తినే బల్ల. అక్క ముఖం చూస్తే, లోపల అప్పుడే పోపు డబ్బా ఎక్కడ పెట్టాలో నిర్ణయించేసుకున్నట్టుంది. ఆ సంతోషానికి అడ్డం వెళ్లడం నాకు కష్టంగానే ఉంది. అయినా వెళ్లాలి.

వెనక్కి నడిచి దాని స్టిక్కరు వెతుకుతున్నాం. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో ట్రక్-క్యాంపర్ లోడింగ్ పేరుతోనే ఒక సెక్షనుంది, 575.103. దాని ప్రకారం క్యాంపర్ చేసినవాళ్లు దాని బరువుని నీళ్ల ట్యాంకు, గ్యాసు, ఫ్రిజ్‌తో సహా రాసి అంటించాలి. బరువు కేంద్రం ఎక్కడుందో కూడా చెప్పాలి. ట్రక్కు చేసినవాళ్లు ఆ కేంద్రం బెడ్ మీద ఎక్కణ్నించి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పాలి. రంగుల కరపత్రాల మీద కనిపించేది చాలాసార్లు ఖాళీ బరువు. నీళ్లు లేకుండా, గ్యాసు లేకుండా, ఏ ఎగస్ట్రా సామానూ లేకుండా. అలా ఎవరూ ప్రయాణం చెయ్యరు.

"2,980," అంటున్నాడు బావ.

కూడుతున్నాం. క్యాంపర్ 2,980. మేం నలుగురం, బావ 185, నేను 160, అక్క 140, పిల్ల 75, కలిపి 560. బట్టలు, బియ్యం, కుక్కరు, దుప్పట్లు, మడత కుర్చీలు 200. బావ బెడ్‌లో ఎప్పుడూ ఉండే పనిముట్ల పెట్టె 90. మొత్తం 3,830. స్టిక్కరు ఒప్పుకునేది 2,400. పైన 1,430 పౌండ్లు.

బావ మాట్లాడట్లేదు. కాసేపాగి అడుగుతున్నాడు: "వెనక గాలి బ్యాగులు పెట్టిస్తారుగా? కమాన్ పట్టీలు ఇంకో రెండు వేయిస్తే?"

అందరూ అడిగే ప్రశ్న ఇది. గాలి బ్యాగులు వెనక కుంగకుండా నిలబెడతాయి, ఊగడం తగ్గిస్తాయి. బండి చూపుకి మట్టంగా ఉంటుంది. కానీ ఇరుసు అదే, చక్రాల బేరింగులు అవే, బ్రేకులు అవే, టైర్లు అవే. ఆ స్టిక్కరు మీది అంకెని తర్వాత బిగించిన ఏ సామానూ పెంచదు. కుంగిన బండి కనీసం కంటికి కనిపించి హెచ్చరిస్తుంది. గాలి బ్యాగుల మీద నిటారుగా నిలబడ్డ అధికబరువు ఆ హెచ్చరికని కూడా తీసేస్తుంది. నాకు అదే ఎక్కువ భయం.

యార్డు పెద్దాయన మా లెక్క వింటున్నాడు. అమ్ముకోవలసినవాడే అయినా తల అడ్డంగా ఊపి, క్యాంపర్ పక్క గోడ మీద చిన్న గుర్తు చూపిస్తున్నాడు. బరువు కేంద్రం గుర్తది. ముందు గోడనించి టేపు పట్టి కొలిస్తే 46 అంగుళాలు. బావ బండి దగ్గర మళ్లీ టేపు పడుతున్నాను. బెడ్ ముందు గోడనించి వెనక ఇరుసు మధ్యకి 38. ఈ క్యాంపర్ ఎనిమిదడుగుల బెడ్ కోసం చేసింది. బావది ఆరున్నర అడుగులు. ఎక్కిస్తే బరువు కేంద్రం ఇరుసు దాటి ఎనిమిదంగుళాలు వెనక పడుతుంది.

ఎడ్లబండ్లు నడిచే ఊళ్లలో పుట్టినవాళ్లకి దీన్ని విడమరచనక్కర్లేదు. బస్తాలు ఇరుసుకి వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడ కింద తాడు ఎద్దుల గొంతు పట్టేస్తుంది. ఇక్కడా అంతే. రెండు ఇరుసుల మధ్య దూరం 160 అంగుళాలు. 2,980 పౌండ్లు ఎనిమిదంగుళాలు వెనక కూర్చుంటే, ముందు చక్రాల మీదనించి దాదాపు 149 పౌండ్లు లేచిపోతాయి. స్టీరింగు తిప్పేవి ఆ చక్రాలే. బ్రేకుల్లో ఎక్కువ పని చేసేవీ అవే. అటు వెనక ఇరుసు తన 6,200 కూడా దాటిపోతుంది.

"దిగవే అక్కా," అని పిలుస్తున్నాను.

"ఏం, బాగుందిగా?"

"ఇల్లు బాగుంది. మన బండికి కాదు."

అమెరికన్ రచయిత జాన్ స్టెయిన్‌బెక్ 1960లో తన కుక్కని ఎక్కించుకుని అమెరికా చుట్టిన బండి కూడా ముప్పావు టన్ను పికప్పే. జి.ఎం.సి. బండి, మీద క్యాంపర్. రోసినాంటే అని పేరు పెట్టుకున్నాడు. అందులో 150 పౌండ్ల పుస్తకాలు వేసుకున్నానని రాశాడు. ఆ బండి ఇప్పుడు కాలిఫోర్నియా సాలినాస్‌లో ఆయన పేరున్న సెంటర్లో ఉంది. సరిగ్గా ఆ 150 పౌండ్లే నేటి ఫెడరల్ లెక్కలో సీటుకి ఒక మనిషి బరువు. క్యాంపర్లో పుస్తకాలు సర్దేవాళ్లని చూసినప్పుడల్లా, వీళ్లు లెక్కలో లేని ఒక మనిషిని ఎక్కించుకుంటున్నారని నాకు అనిపిస్తుంది.

పెద్దాయన మమ్మల్ని యార్డు చివరికి తీసుకెళుతున్నాడు. అక్కడ పొట్టి క్యాంపర్ ఒకటుంది. కప్పు కిందకి మడిచి ఉంది. లోపలికి వంగి ఎక్కి, రెండు చేతులా కప్పుని పైకి తోస్తే, చుట్టూ గుడ్డ గోడలు సాగి, నిలబడే ఎత్తు వస్తుంది. పొయ్యి, చిన్న ఫ్రిజ్, హీటరు ఉన్నాయి. బాత్రూం లేదు. అక్క పొయ్యి వెలిగించి చూసి, కిటికీ జిప్పు లాగి చూసి, పరుపు మీద చెయ్యి నొక్కి చూస్తోంది. "చలికి ఆగుతుందా ఈ గుడ్డ?" అని పెద్దాయన్ని అడుగుతోంది. శరదృతువు దాకా పర్వాలేదు, నడిచలికాలానికి లోపలివైపు ఇంకో పొర కట్టాలి అంటున్నాడాయన. నిజం చెప్పాడు.

స్టిక్కరు 1,560. అందులో 20 గ్యాలన్ల నీళ్లు కలిసే ఉన్నాయి. మళ్లీ కూడిక: 1,560, 560, 200, 90. మొత్తం 2,410. పది పౌండ్లు పైన. బావ లేచి, ఒక్క మాట కూడా అనకుండా, పనిముట్ల పెట్టె దింపి యార్డు షెడ్డులో పెడుతున్నాడు. 2,320. బరువు కేంద్రం గుర్తు ముందు గోడనించి 32 అంగుళాలు. ఇరుసుకి ఆరంగుళాల ముందు.

ఇప్పుడు ఎక్కించాలి. వెనక తలుపు ఊడదీసి పక్కన పెట్టాం. బెడ్ మీద మందపాటి రబ్బరు చాప పరిచాం, క్యాంపర్ జారకుండా. బెడ్ గోడలు ఈ రోజుల్లో ఎత్తు పెరిగాయి, క్యాబిన్ కప్పులూ పెరిగాయి. అందుకే ముక్కు కింది ఎత్తు ముందే కొలిచాం. కూర్చున్నాక క్యాబిన్ కప్పుకీ దానికీ మధ్య ఐదంగుళాలు మిగులుతాయి. అది చాలకపోతే గతుకుల్లో ముక్కు దిగి కప్పుకి తగులుతుంది. అప్పుడు కింద చెక్క వేసి క్యాంపర్ని ఎత్తాల్సి వచ్చేది.

"రా, రా, నిదానంగా. స్టీరింగు కొంచెం ఎడమకి. ఆపు!"

బావ కిటికీలోంచి మెడ బయటపెట్టి అంగుళం అంగుళం వెనక్కొస్తున్నాడు. క్యాంపర్ కింది పెట్టెకీ చక్రాల గూడుకీ మధ్య నా అరచెయ్యి పట్టేంత సందు. కుడివైపు పెద్దాయన, ఎడమవైపు నేను. పిల్ల దూరంగా అక్క చెయ్యి పట్టుకుని నిలబడింది. జాకీల మీద బరువున్నంతసేపూ దాని కిందకి ఎవరూ తల పెట్టకూడదు. ఈ మాట అక్కకి ఒకసారి చెప్పాను, పిల్లకి రెండోసారి చెబుతున్నాను. క్యాంపర్ ముందు గోడ బెడ్ గోడకి మెత్తగా ఆనుకుంది. జాకీలు నాలుగూ వంతులవారీగా దిగుతున్నాయి. కమాన్ పట్టీలు కిర్రుమని బరువు తీసుకున్నాయి. వెనక రెండంగుళాలు దిగి ఆగింది.

కట్టడానికి కొక్కేలు బెడ్ రేకుకి కాదు, ఛాసిస్‌కి బిగించినవి. రేకు లాగితే చిరుగుతుంది. నాలుగు మూలలా టర్న్‌బకిళ్లు బిగించి, లాక్ నట్లు వేసి, కరెంటు ప్లగ్గు పెట్టి, బ్రేకు లైట్లు పిల్ల చేత చూపించాం. "వెలిగింది మావయ్యా!" టైర్లలో గాలి స్టిక్కరు చెప్పినంత. అవి ఈ-రేంజి టైర్లు, 80 పీఎస్‌ఐ దగ్గర ఒక్కోటీ 3,195 పౌండ్లు మోస్తుంది. మామూలు కారు టైర్లున్న పికప్ అయితే ఈ లెక్క ఇక్కడే తెగిపోయేది.

ఐ-70 హైవే పక్కన ట్రక్ స్టాపులో కాటా ఉంది. క్యాట్ స్కేల్ బోర్డు దూరంనించే కనిపిస్తోంది. 1977లో మొదలైన కాటాలివి. పెద్ద లారీల మధ్య మా బండి వెళ్లి, ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద నిలబెట్టింది. నలుగురం లోపలే. డీజిల్ నిండుగా. నీళ్ల ట్యాంకు మాత్రం ఖాళీ. బావ బటన్ నొక్కి బండి నంబరు చెబుతున్నాడు. లోపలికి వెళ్లి డబ్బు కట్టి కాగితం తెస్తున్నాను.

ముందు 4,840. వెనక 5,020. మొత్తం 9,860.

మా కూడిక ప్రకారం 9,753 రావాలి. వంద పైగా ఎక్కడనించి వచ్చింది? అక్క క్యాంపర్ చుట్టూ తిరిగి తనే కనిపెట్టింది. "ఈ గొడుగు చుట్టేసిన గొట్టం, కప్పు మీద సోలార్ పలక, ఇవి స్టిక్కర్లో ఉన్నాయా?" లేవు. పాత యజమాని తగిలించిన గొడుగు, సోలారు, రెండో బ్యాటరీ, మేమే వేసిన రబ్బరు చాప, కొక్కేలు. స్టిక్కరు బండి పుట్టినరోజు బరువు చెబుతుంది. ఇవాళ్టి బరువు కాటాయే చెప్పాలి.

"140 పౌండ్లు మిగిలాయి," అన్నాడు బావ. "ట్యాంకు నింపితే?"

గ్యాలను నీళ్లు 8.34 పౌండ్లు. 20 గ్యాలన్లంటే 167. దాటిపోతాం. పైగా ఆ నీళ్లు కొండ మీదకి మోసుకెళ్లి అక్కడ వాడతాం. మేం క్యాంపు చేసేది డిల్లన్ రిజర్వాయర్ దగ్గర. నీళ్లు అక్కడే పట్టుకోవచ్చు.

ఐజన్‌హవర్ సొరంగం పడమటి ద్వారం 11,158 అడుగుల ఎత్తున. బయటికి రాగానే వెలుతురు కళ్లల్లో కొడుతోంది, రోడ్డు 7 శాతం వాలుతో సిల్వర్‌థార్న్ దాకా దాదాపు ఎనిమిది మైళ్లు దిగుతోంది. బ్రేకులు పోయిన లారీల కోసం పక్కన కంకర ర్యాంపులు. బావ బరువున్నప్పుడు వాడే టో-హాల్ బటన్ నొక్కాడు. ఇంజను గొంతు పెరిగి బండిని పట్టి ఉంచుతోంది. బ్రేకు మీద కాలు అప్పుడప్పుడే, గట్టిగా వేసి వదిలేస్తున్నాడు. కుడివైపు లారీని దాటుతుంటే దాని గాలి తగిలి క్యాంపర్ ఒక్కసారి పక్కకి ఒరిగి, వెంటనే నిలదొక్కుకుంది. స్టీరింగు బావ చేతుల్లో బరువుగా, నేల పట్టుకునే ఉంది.

"ముందు తేలట్లేదురా," అంటున్నాడు, కళ్లు రోడ్డు మీదనించి తీయకుండా.

సిల్వర్‌థార్న్‌లో ఆగి దిగాం. మొదటి ప్రయాణంలో కట్లు వదులవుతాయి. నాలుగింట్లో ముందు ఎడమది అర తిప్పు తీసుకుంది, మిగతావి కదల్లేదు. బావ కాటా కాగితం మడిచి ఎండతెర వెనక దోపుకున్నాడు. అక్క ఫోనులో కూడిక చేస్తోంది.

"పన్నెండు గ్యాలన్లు పడితే వంద పౌండ్లు. ఇంకా నలభై మిగులుతాయి. పది కిలోల బియ్యం కొనుక్కోవచ్చు."

"ఇంట్లోంచి తెచ్చావుగా అక్కా బియ్యం?"

"అవి కలిపే లెక్కేశావుగా? అయితే పన్నెండు పట్టు. మూడు రోజులకి సరిపోతాయి."