కుమ్ములోని గడ్డకు గాటు వలయునా?

కాల్చుటకు ముందు గడ్డకు గాటు పెట్టవలయునా, వలదా యను ప్రశ్న మా యింట నొక సాయంకాలము పుట్టినది. పట్టణమునుండి వచ్చిన మా మేనకోడలు ఆలుగడ్డలను ఓవెనులో నుంచుటకై, ఫోర్కుతో ఒక్కొక్కదానిని నాలుగు దిక్కుల పొడుచుచుండగా, పెరటి గడపపై కూర్చుండి బియ్యమేరుచున్న మా పెద్దమ్మ తలయెత్తి, "గడ్డను గూడ పొడుస్తరా బిడ్డా? అదేమన్న వంకాయనా?" అని నవ్వినది. వంకాయకు గాటు విధి, గడ్డకు గాటు వింత అను నీ భేదము ఆమె కెవరును గ్రంథమున జూపి నేర్పినది కాదు. జనగామ ప్రాంతపు పల్లెలో డెబ్బదియేండ్లు పొయ్యిముందు గడిపిన చేతికి తానుగా తెలిసినది. అది యెట్లు తెలిసినదో విచారింపవలెనని నాకు తోచినది.

కుమ్ము అను చక్కని తెలుగుమాట నేడు వాడుకలో సన్నగిల్లినది. మంట యారిన పిదప నిప్పుకణికలను కప్పియుండు వేడిబూడిదయే కుమ్ము. పాడిగల ప్రతి యింటను పూర్వము దాలి యుండెడిది. గుంటలో పిడకలు పేర్చి నిప్పంటించి, దానిపై పాలకుండ నుంచినచో, ప్రొద్దు వాలువరకు పాలు తొందరలేక కాగి మీగడ కట్టెడివి. పాలకుండ దింపిన వెనుక ఆ దాలిలో మిగిలిన వేడి వ్యర్థము కాకుండుటకు, ఇంటి పిల్లలు కందగడ్డలను బూడిదలో దూర్చి, పైన మరల బుగ్గి కప్పి, ఆటలకు పోయెడివారు. కోస్తావారు చిలగడదుంప యనునదియే మా ప్రాంతమున కందగడ్డ. దీనికి గాటు పెట్టినవారిని నేనెన్నడును చూడలేదు. తీసి బూడిద దులిపి చేతితో విరిచినచో, తోలు కాగితమువలె ఊడివచ్చెడిది. లోపల బెల్లపుపాకమువంటి తేమ మెరసెడిది.

మాఘ బహుళ చతుర్దశి, అనగా శివరాత్రి, వచ్చినదన్న మా ప్రాంతపు మూడు జిల్లాలలోను గంపలకొలది కందగడ్డలు అంగళ్లకు దిగును. జనగామ జిల్లాలో పాలకుర్తి సోమేశ్వరుని గుట్టకును, మహబూబాబాదు జిల్లాలో కురవి వీరభద్రుని జాతరకును, భూపాలపల్లి జిల్లాలో ప్రాణహిత గోదావరిని గలియు కాళేశ్వరమున ఒకే పానవట్టముపై రెండు లింగములుగా వెలసిన దేవుని సన్నిధికిని పోవు జనులు, ఉపవాసదీక్షలో అన్నము మాని ఈ గడ్డను ఉడికించియో కాల్చియో తిందురు. ఇంత భక్తితో తిను నీ గడ్డ శివరాత్రికి అనాదిగా జతపడినదని మనము భ్రమింతుము. కాని దీని జన్మభూమి అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ దిక్కునకు పోయిన తరువాతనే ఐరోపావారు దీని నెరిగిరి. భారతదేశమునకు పోర్చుగీసుల ఓడలపై వచ్చినది. కావున పాలకుర్తిలో పుట్టి పదుమూడవ శతాబ్దమున శివభక్తుల కథలను ద్విపదలో పాడిన సోమనాథుడు కాని, ఆ ప్రక్కనే బమ్మెరలో పదునైదవ శతాబ్దమున వెలసిన పోతన కాని, శివరాత్రినాడు కందగడ్డ తినియుండుట యసంభవము. శ్రాద్ధభోజనమున ఆలుగడ్డను "సీమకూర" యని వెలివేయు నిష్ఠాపరులు కొందరు, దాని సాటి వలసదారైన కందగడ్డను ఉపవాసమున నిశ్చింతగా స్వీకరించుట చూడ నాకు నవ్వు వచ్చును.

అట్లయిన గడ్డను కుమ్ములో పెట్టు విద్య కూడ ఓడలపై వచ్చినదా? కాదు. గడ్డ క్రొత్తది, విద్య ప్రాతది. మహాముత్తారము, పలిమెల అడవులలోను, మహబూబాబాదునకు పైనున్న కొత్తగూడ, గంగారము వైపునను నివసించు కోయలకు అడవిగడ్డలు తరతరాల యాహారము. వానిలో చేదుగల వానిని ముక్కలుగా తరిగి పారునీటిలో నానబెట్టి విషము విరుగగొట్టుటయు, మంచివానిని నిప్పులలో కాల్చుటయు అడవివాసుల కందరకును తెలిసిన పనులే. నిజాము ప్రభుత్వమునకు గిరిజన విషయములలో సలహాదారుగా నుండిన ఫ్యూరర్ హైమెండార్ఫు, 1943లో చెంచులనుగూర్చి వెలువరించిన గ్రంథమున, త్రవ్వుకోలతో గడ్డలను త్రవ్వి బ్రతుకు నీ విధానమును విస్తరించి వర్ణించెను. రేగొండ సమీపమున పాండవులగుట్ట శిలాశ్రయములలో ఎఱ్ఱరంగుతో బొమ్మలు వ్రాసిన ఆదిమానవుడును రాత్రి నెగడు చల్లారినప్పుడు ఏదో గడ్డను బూడిదలో దూర్చియే యుండునని నా యూహ. అమెరికానుండి కందగడ్డ వచ్చి, అడవిగడ్డ అంతకుముందే కాచియుంచిన పొయ్యిలో తన చోటు వెదకుకొన్నది.

మన వైద్యులును ఈ పద్ధతి నెరుగుదురు. ఓషధిని ఆకులలో చుట్టి, పైన మట్టి మెత్తి, నిప్పులలో నుంచి రసము దీయుట పుటపాకము. బయటికి పొక్కక లోలోపలనే మ్రగ్గు రాముని శోకమును భవభూతి ఉత్తరరామచరితమున ఈ పుటపాకముతోనే పోల్చెను. గాటులేని గడ్డకు తోలే ఆ మట్టిపూత.

ఇక కారణము. ఆలుగడ్డలోను కందగడ్డలోను నూటికి 75 పాళ్లకు పైగా నీరే. నీరు ఆవిరియైనప్పుడు 1600 రెట్లకు పైగా వ్యాపించును. కుమ్ములో వేడి మెల్లగా ఎక్కుటచే ఆవిరి కొద్దికొద్దిగా పుట్టి, తోలులోని సూక్ష్మరంధ్రములగుండ, పగుళ్లగుండ తనంతట వెడలిపోవును. అంతేకాక కందగడ్డలోని పిండిపదార్థము 60 మొదలు 75 డిగ్రీల వేడిలో ఎంతసేపు నిలిచిన నంతగా చక్కెరగా మారును. దాలిగడ్డకు ఆ తీపి అందువలన గలిగినది. గాటు పెట్టినచో ఆ పాకము కారి బూడిదపాలగును, గాటులో బుగ్గి చొరబడి పంటి క్రింద కరకరలాడును. వంకాయ సంగతి వేరు. దానిని మంటపైననే పెట్టుదురు. నునుపైన తోలు ఆవిరిని విడువదు, పగిలినచో వేడిగుజ్జు చేతిపై చిందును. పైగా పురుగున్నదో లేదో చూచుటకైనను కత్తి పెట్టక తప్పదు. పచ్చిమిరపకాయను చీల్చక కాగిన నూనెలో వేసినవారు ఈ శాస్త్రమును ఒక్కసారిలో నేర్చుకొందురు.

ఆలుగడ్డకు మా నేలలో వేళ్లు తక్కువ. జహీరాబాదు వైపునుండియు ఉత్తరదేశమునుండియు వచ్చినదానిని కొనుక్కొనుటయే. సికింద్రాబాదునుండి ఓరుగల్లుమీదుగా 1889 నాటికి బెజవాడ చేరిన నిజాము రైలు, జనగామను మహబూబాబాదును ఒకే పట్టాలపై కట్టి, ఇట్టి దూరపుసరకులకు దారి తెరచినది. ఉత్తరాది ఆలూకు మన గడ్డ తోడై ఆలుగడ్డ యైనది. సంస్కృతమున ఆలుక మను మాట మాత్రము అంతకు పూర్వమే దేశీయమైన కందములకు చెల్లుచుండెను. ఈ గడ్డను మనవారు కూరలో వండిరే గాని కుమ్ములో పెట్టినది తక్కువ. అందుచేత గాటు ప్రశ్న మనకు ఓవెనుతోనే వచ్చినది.

మేనకోడలికి నేను చెప్పిన తీర్పిది. ఓవెనులో నూరింట తొంబదితొమ్మిది గడ్డలు గాటు లేకున్నను పగులవు. కాని పగిలిన ఆ యొక్కదానిని గోడలనుండి గీకి తీయుట కష్టము గనుక, రెండు పోట్లు చాలును, నాలుగు వలదు. లోపలి నీటినే నేరుగా త్వరితముగా వేడిచేయు మైక్రోవేవులోనైతే పొడువకుండ పెట్టరాదు. కుమ్ము దొరకినచో ఫోర్కును ప్రక్కన బెట్టుము. వంకాయకు మాత్రము, పెద్దమ్మ చెప్పినట్లు, ఎక్కడ కాల్చినను గాటు తప్పదు.