డేటాబేస్‌లో ఈనమ్ నిల్వ: వరుస సంఖ్యా, పేరా, సంకేతమా?

పాఠశాల ప్రవేశ పత్రంలో ‘మాతృభాష’ అనే గడి ఉంటుంది. పొరుగు రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ గడి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించేందుకు తగిన సదుపాయాలు కల్పించవలెనని రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం చెబుతున్నది. ఆ సదుపాయం కోరేటప్పుడు ముందుగా కావలసినది పిల్లల లెక్క. ఆ లెక్క కంప్యూటర్‌లో ఏ రూపంలో నిలిచి ఉన్నదనేది అందువల్ల చిన్న విషయం కాదు.

ఈనమ్ అంటే ఏమిటి?

ముందుగా నిర్ణయించిన కొన్ని విలువలలో ఏదో ఒకదానినే స్వీకరించే రకాన్ని ప్రోగ్రామింగ్‌లో ‘ఈనమ్’ అంటారు. మాతృభాష, వారం, రక్తవర్గం ఇందుకు ఉదాహరణలు. ప్రోగ్రాములోని ఆబ్జెక్టులకు, డేటాబేస్‌లోని పట్టికలకు మధ్య దుబాసీలుగా పనిచేసేవి ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపింగ్ సాధనాలు. జావాకు హైబర్నేట్, పైథాన్‌కు జాంగో, ఎస్‌క్యూఎల్ఆల్కెమీ, రూబీకి యాక్టివ్ రికార్డ్ అటువంటివి. ఈనమ్ విలువను ఇవి మూడు విధాలుగా నిల్వ చేయగలవు.

వరుస సంఖ్య

జాబితాలో విలువ ఎన్నవదో ఆ సంఖ్యను నిల్వ చేయడం మొదటి పద్ధతి. 2006లో వచ్చిన జావా పర్సిస్టెన్స్ ప్రమాణం ప్రకారం, వేరుగా చెప్పనప్పుడు జరిగేది ఇదే. లెక్క 0 నుండి మొదలవుతుంది. చోటు తక్కువ పడుతుంది గాని ప్రమాదం ఎక్కువ.

రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలునే చూడవచ్చు. అందులో భాషలు ఆంగ్ల అకారాది క్రమంలో ఉంటాయి. 18 భాషలున్న కాలంలో తెలుగు 17వది. 2003 నాటి 92వ సవరణతో బోడో, డోగ్రీ, మైథిలి, సంతాలీ చేరి మొత్తం 22 అయ్యాయి. తెలుగు 21వ స్థానానికి జరిగింది. ఇప్పుడు 17వది సంస్కృతం. పాత జాబితా ప్రకారం వరుస సంఖ్య వేసి, తరువాత ప్రోగ్రాములో కొత్త జాబితా పెడితే, తెలుగు పిల్లలందరూ సంస్కృతం ఖాతాలోకి వెళ్తారు. ఏ హెచ్చరికా రాదు, ఏ పనీ ఆగదు. లెక్క మాత్రం తప్పుతుంది.

పేరు

విలువ పేరునే అక్షరాలలో నిల్వ చేయడం రెండవ పద్ధతి. వరుస మారినా దీనికి నష్టం లేదు. పట్టికను తెరిచి చూసినవారికి అర్థమవుతుంది. అయితే పేర్లు కూడా మారుతాయి. 2011 నాటి 96వ సవరణ షెడ్యూలులోని ‘ఒరియా’ను ‘ఒడియా’గా మార్చింది. ప్రోగ్రాములో పేరు మార్చి, పాత వరుసలను సవరించకపోతే వాటిని చదివేటప్పుడు హైబర్నేట్ లోపం చూపి ఆగిపోతుంది. ఇది ఇబ్బందే, కాని కంటికి కనిపించే లోపం, కనిపించని తప్పుకంటె మేలు.

సంకేతం

ప్రతి విలువకు మారని చిన్న సంకేతాన్ని కేటాయించి దానినే నిల్వ చేయడం మూడవ పద్ధతి. భాషలకు ఐఎస్ఓ 639 ప్రమాణం ఇచ్చిన సంకేతాలు సిద్ధంగా ఉన్నాయి: తెలుగుకు ‘టీఈ’, కన్నడకు ‘కేఎన్’, తమిళానికి ‘టీఏ’, మరాఠీకి ‘ఎంఆర్’. ఒడియా పేరు మారినా ‘ఓఆర్’ సంకేతం మారలేదు. జావాలో 2013 నాటి జేపీఏ 2.1తో వచ్చిన అట్రిబ్యూట్ కన్వర్టర్, జాంగోలో 2019 నాటి 3.0తో వచ్చిన టెక్స్ట్‌చాయిసెస్ ఈ పనికి ఉపకరిస్తాయి. సంకేతాలను వేరొక పట్టికలో ఉంచి ఫారిన్ కీతో కలిపితే జాబితాలో లేని విలువను డేటాబేసే తిరస్కరిస్తుంది. ఒక్కొక్క భాష పేరును తెలుగులోను, ఆయా రాష్ట్ర భాషలోను అక్కడే రాసుకోవచ్చు.

ఇప్పటికే సంఖ్యలు ఉంటే

మార్చేవరకు జాబితాలో కొత్త విలువను చివరనే చేర్చాలి; మధ్యలో చేర్చరాదు, ఉన్నదానిని తొలగించరాదు. మార్చేటప్పుడు ముందు బ్యాకప్ తీసుకొని, సంకేతానికి కొత్త కాలమ్ చేర్చి, ఆ సంఖ్యలు వేసిన నాటి జాబితా ప్రకారం నింపాలి. ఒక్కొక్క భాషకు పాత లెక్క, కొత్త లెక్క సరిపోయిన తరువాతనే పాత కాలమ్‌ను తీసివేయాలి. ఆ జాబితా ఏదో తెలియకపోతే కాగితంపై ఉన్న ప్రవేశ పత్రాలే ఆధారం. అందువల్ల వాటిని పారవేయరాదు.